లైను బిజీ... బేరం హుళక్కి!

"మేడమ్, ఒక్క నిమిషం హోల్డ్‌లో ఉండండి, అకౌంట్స్ ఎక్స్‌టెన్షన్‌కి కలుపుతాను" అంటుంది అవతలి అమ్మాయి. మీరు "సరే" అనేలోపే టింగు టింగుమని సంగీతం మొదలవుతుంది. ఆ హోల్డ్ ఏమిటో, ఎక్స్‌టెన్షన్ ఏమిటో, లైను ఉందో తెగిందో తెలీక, ఫోను చెవికి ఆనించుకుని పొయ్యిమీది పాలకేసి చూస్తూ నిలబడటం మనలో చాలామందికి అలవాటే.

"ఆఫీసుల గొడవ మనకెందుకండీ?" అంటారేమో. ఎందుకంటే ఆ ఆఫీసు ఇప్పుడు మన వంటింట్లోకే వచ్చేసింది. ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు పెట్టి అమ్మేవాళ్ళు, జాకెట్లకి మగ్గం వర్కు చేయించేవాళ్ళు, శుభకార్యాలకి వంట ఆర్డర్లు పట్టేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. ఆర్డరు వచ్చేది ఫోన్లో. డబ్బు వచ్చేదీ ఫోన్లోనే. ఏమరుపాటుగా ఉంటే ఆ డబ్బు పోయేదీ ఫోన్లోంచే. కాబట్టి ఈ వారానికి ఉప్పూ కారం కాస్త పక్కనపెట్టి, ఈ టెలిఫోను మాటల సంగతేమిటో చూద్దాం.

ట్రంకంటే పెట్టె కాదు!

మన అమ్మమ్మల కాలంలో పొరుగూరితో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకు కూచునేవారు. తొందరైతే అర్జెంట్, ఇంకా తొందరైతే లైట్నింగ్, ఫలానా మనిషే లైన్లోకి రావాలంటే పి.పి. కాల్. ఆపరేటరుతో పని లేకుండా నేరుగా నంబరు తిప్పుకునే ఎస్.టి.డి. మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. ఆ ట్రంక్ అన్నది ఇనప పెట్టె కాదు, చెట్టు మాను అన్నమాట. కొమ్మలన్నీ మానులోకి చేరినట్టు, ఊళ్ళోని ఫోన్లన్నీ కలిసి ఒక ఎక్స్ఛేంజీ నుంచి ఇంకో ఎక్స్ఛేంజీకి పోయే పెద్ద దారే ట్రంకు.

ఆఫీసులోనూ అదే వరస. ఒక ఇంటిని ఊహించుకోండి. పది గదులున్నాయి, కానీ వీధిలోకి రెండే గుమ్మాలు. ఆ వీధి గుమ్మాలు ట్రంకు లైన్లు, అంటే టెలిఫోను కంపెనీ ఇచ్చినవి, మనం డబ్బు కట్టేవి. గదుల తలుపులు ఎక్స్‌టెన్షన్లు. మధ్యలో సావిట్లో కూర్చుని ఎవరిని ఏ గదిలోకి పంపాలో చూసే పెద్దావిడ ఉంటుందే, ఆ పని చేసే పెట్టె పేరే ఇ.పి.ఎ.బి.ఎక్స్. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మాట్లాడుకుంటే వీధి గుమ్మం దాటనట్టే, అందుకే దానికి చార్జీ లేదు. బయటికి మాట్లాడాలంటే ముందు సున్నాయో తొమ్మిదో నొక్కమంటారు. అది వీధి తలుపు గడియ తియ్యడమన్నమాట.

ఇక హోల్డ్, మ్యూట్. ఈ రెంటికీ తేడా తెలియకపోతే పరువు పోతుంది. మ్యూట్ నొక్కితే మీ మాట అవతలికి వినపడదు, వాళ్ళ మాట మీకు వినపడుతుంది. హోల్డ్ నొక్కితే రెండువైపులా మాట ఆగిపోయి, కంపెనీ ఏర్పాటు చేసి ఉంటే సంగీతం వస్తుంది. కొందరు ఏదీ నొక్కకుండా ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, "ఈవిడ మరీ పీనాసిది, యాభై తగ్గించమంటోంది" అని ఇంట్లోవాళ్ళతో అనేస్తుంటారు. అరచెయ్యి అడ్డుపెడితే ఏమీ ఆగదండీ, అంతా శుభ్రంగా వినపడుతుంది. అన్నట్టు ఆ హోల్డ్ సంగీతం కూడా అనుకోకుండా పుట్టిందే. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లెవీ అనే ఆయన ఫ్యాక్టరీలో ఫోను తీగ ఒకటి ఇనప దూలానికి తగిలి, పక్కనున్న రేడియో స్టేషను పాటలు ఫోన్లో వినపడ్డాయట. ఆయన దాన్ని వదిలిపెట్టకుండా 1966లో పేటెంటు పుచ్చుకున్నాడు.

"తెలుగు కోసం ఒకటి నొక్కండి" అనే మర గొంతును ఐ.వి.ఆర్. అంటారు. మనం నొక్కిన అంకె దానికెలా తెలుస్తుంది? ఒక్కో మీట నొక్కితే రెండేసి స్వరాలు కలిసి మోగుతాయి. ఏ రెండు మోగాయో విని అంకె పోల్చుకుంటుంది. ఈ మీటల ఫోను 1963లో అమెరికాలో బెల్ కంపెనీ మొదలుపెట్టింది. అంతకు ముందు వేలు పెట్టి తిప్పే డయలే.

ఎన్ని లైన్లుంటే సరి?

ఒకప్పుడు దుకాణాల బోర్డులమీద ఫోను నంబరు పక్కన ‘4 లైన్లు’ అని రాసి ఉండేది, గుర్తుందా? నాలుగు లైన్లకీ వేరే వేరే నంబర్లుంటాయి, కానీ జనానికి ఇచ్చేది ఒక్కటే. దాన్ని పైలట్ నంబరు అంటారు. అది బిజీగా ఉంటే ఫోను తనంతట తనే రెండోదానికి, అదీ కాకపోతే మూడోదానికి వెళ్ళి ఖాళీ వెతుక్కుంటుంది. దీనికి హంటింగ్ అని పేరు. వేట అన్నమాట, ఖాళీ లైను కోసం వేట.

అయితే ఎన్ని లైన్లు పెట్టుకోవాలి? దీనికి సుమారు వందేళ్ళ క్రితమే లెక్క వేసి పెట్టిన మహానుభావుడున్నాడు. డెన్మార్క్‌కి చెందిన ఎర్లాంగ్ ఆయన పేరు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. 1909లో మొదటి వ్యాసం, 1917లో అసలు సూత్రం ప్రకటించాడు. ఒక లైను గంటసేపూ క్షణం ఖాళీ లేకుండా మాట్లాడితే దాన్ని ఒక ఎర్లాంగ్ అంటారు, ఆయన పేరుమీదే.

మీ వదినగారు ఆవకాయ వ్యాపారం పెట్టారనుకోండి. వేసవిలో, సాయంత్రం పూట గంటకి 20 ఫోన్లు వస్తున్నాయి. ఒక్కో బేరం మూడు నిమిషాలు. ఇరవై మూళ్ళు అరవై. "గంటకి అరవై నిమిషాలేగా, ఒక్క ఫోను చాలు" అనేస్తారు అన్నయ్యగారు. కానీ జనం రేషను షాపు క్యూలోలాగా ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చెయ్యరు కదండీ! ఒకేసారి నలుగురు చేస్తారు, తర్వాత పావుగంట ఎవరూ చెయ్యరు. ఎర్లాంగ్ లెక్క ప్రకారం ఒక్క లైను ఉంటే సగం మందికి బిజీ వస్తుంది. అంటే ఇరవైమందిలో పదిమంది వెనక్కి పోయినట్టే. రెండు లైన్లుంటే నలుగురు పోతారు. మూడుంటే పదహారుమందిలో ఒక్కరు. నాలుగుంటే రెండొందలమందిలో ముగ్గురే. బిజీ వచ్చినవాళ్ళు మళ్ళీ చెయ్యరనుకుని వేసిన లెక్క ఇది. ఆవకాయ కొనేవాళ్ళు మళ్ళీ చేస్తారా, పక్క వీధి ఆవిడకి చేస్తారా అన్నది మీ చేతి రుచిని బట్టి!

చూశారా, రెండో లైను తెచ్చిన లాభం నాలుగో లైను తేదు. చిన్న వ్యాపారానికి రెండు, పండగ రోజుల్లో మూడు చాలు. అసలు రెండో లైనుకి ముందు మీ మొబైల్లో కాల్ వెయిటింగ్ ఉందో లేదో చూసుకోండి. అది ఉంటే మీరు మాట్లాడుతుండగా వచ్చిన రెండో ఫోను తెలుస్తుంది, "రెండు నిమిషాల్లో నేనే చేస్తానండీ" అనైనా చెప్పొచ్చు.

పెద్ద ఆసుపత్రులు, హోటళ్ళకి ఈ నాలుగైదు లైన్లు ఏమూలకీ చాలవు. వాళ్ళు పి.ఆర్.ఐ. అనే లైను తీసుకుంటారు. ఒక్క తీగమీద ఒకేసారి 30 మంది మాట్లాడుకోవచ్చు. దానితో పాటు డి.ఐ.డి. అనే సదుపాయం తీసుకుంటే, గదికో వీధి గుమ్మం పెట్టినట్టు ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ బయటినుంచి నేరుగా చేసే నంబరొస్తుంది.

బాలింతగా ఉండగా గీసిన బొమ్మ

ఈ ఫోన్ల చరిత్రలో ఆడవాళ్ళ పేర్లు మన పాఠాల్లో కనపడవు గానీ, వాళ్ళు లేకపోతే ఇదంతా ఎక్కడ నడిచేది? మొదట్లో ఎక్స్ఛేంజీల్లో కుర్రాళ్ళని ఆపరేటర్లుగా పెట్టారు. వాళ్ళు చందాదారులమీద కసురుకోవడం, వెటకారాలు. విసుగెత్తి బోస్టన్‌లో 1878 సెప్టెంబరు 1న ఎమ్మా నట్ అనే అమ్మాయిని తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోను ఆపరేటరు ఆవిడే. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఆడవాళ్ళదే అయిపోయింది.

అలాగని ఆపరేటరు చేతిలో అంతా ఉండటమూ ప్రమాదమేనని ఓ కథ ఉంది. కాన్సాస్ సిటీలో స్ట్రౌజర్ అని అంత్యక్రియల సామాను ఏర్పాటు చేసే వ్యాపారి. ఆయనకి రావలసిన ఫోన్లన్నీ ఆపరేటరు తన సొంతవాళ్ళ దుకాణానికి కలిపేస్తోందని అనుమానమట. నిజమెంతో గానీ, ఆ కోపంతోనే ఆపరేటరు అక్కర్లేని యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడని చెప్పుకుంటారు. బేరం పోతే మనిషికి ఎంత పట్టుదల వస్తుందో చూడండి!

అందరికంటే నాకు ఇష్టమైనది ఎర్నా హూవర్ కథ. ఆవిడ చదివింది తత్త్వశాస్త్రం, గణితం. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేరారు. అప్పట్లో ఒక చిక్కుండేది. ఒకేసారి వేలమంది ఫోన్లు చేస్తే ఎక్స్ఛేంజీ మొత్తం మొరాయించేది. రెండో కూతురు పుట్టి ఆసుపత్రిలో మంచం మీదుండగా దీనికి ఉపాయం తట్టి, అక్కడే బొమ్మ గీసుకున్నారట. ఉపాయం వింటే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. పెళ్ళింట్లో వడ్డన చేసే ఆవిడని ఒక్కసారి పదిమంది పిలిస్తే ఏం చేస్తుంది? చేతిలో ఉన్న గరిటె పని ముగించి, కొత్తగా ‘వస్తున్నా’ అనడం కాస్త తగ్గిస్తుంది. అలాగే కంప్యూటరు ఎప్పటికప్పుడు వచ్చిపడే ఫోన్ల జోరు చూసుకుంటూ, ముఖ్యమైన పనులకి ముందు చోటిచ్చి, కొత్తవాటిని తీసుకోవడం తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. 1971లో ఆవిడకి పేటెంటు వచ్చింది. సాఫ్ట్‌వేరుకి వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి. పురిటి సెలవులో ఉన్న ఆవిడ సంతకాల కోసం లాయర్లు ఇంటికే వచ్చారని అంటారు.

కంప్యూటర్ల వైపు రాడియా పెర్ల్‌మన్ ఉన్నారు. ఆఫీసులో కంప్యూటర్లని కలిపే తీగల్లో ఎక్కడైనా చుట్టు ఏర్పడితే, గాలివార్త వీధి చుట్టి మళ్ళీ మన చెవికే చేరినట్టు, ఒకే సమాచారం గిరగిరా తిరుగుతూ మొత్తం స్తంభించిపోతుంది. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తుండగా, ఆ చుట్టును పసిగట్టి ఒక దారి తాత్కాలికంగా మూసేసే పద్ధతి ఆవిడ రూపొందించారు. స్పానింగ్ ట్రీ అంటారు. నెట్‌వర్కింగ్ కోర్సు చదివే మీ అబ్బాయినో అమ్మాయినో అడిగి చూడండి, ఆ పేరు చెప్పగానే మొహం తిప్పుకుంటారు, పరీక్షలో అంత విసిగిస్తుందది.

జాడీ కాదు, ప్యాకెట్లు

పాతరోజుల్లో ఫోను కలిస్తే, మాట్లాడినంతసేపూ ఇక్కణ్ణుంచి అక్కడిదాకా ఒక దారి మొత్తం మనకే కేటాయించేవారు. మనం మౌనంగా కూచున్నా దారి ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. డేటా కథ అది కాదు. జాడీ మొత్తాన్ని ఒకేసారి పంపకుండా, పావుకిలో ప్యాకెట్లు కట్టి, ఒక్కోదానిమీదా చిరునామా, వరస నంబరూ రాసి వదలడం. ఆ చిరునామాకి ఐ.పి. అడ్రసు అని పేరు. ఏ ప్యాకెట్టు ఏ దారిన పోవాలో చెప్పే పోస్టాఫీసు సార్టరు లాంటిది రౌటర్. ఒకే ఆఫీసులో ఈ బల్లకీ ఆ బల్లకీ అందించేది స్విచ్. ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న ఆ కాస్త వలని లాన్ అంటారు, ఊళ్ళు దాటితే వాన్.

ఇప్పుడు మన మాటలు కూడా ఇలా ప్యాకెట్లయి ఇంటర్నెట్ మీద పోతున్నాయి. దీనికి వి.ఓ.ఐ.పి. అని పేరు. చిక్కెక్కడంటే, ఫోటో ప్యాకెట్టు అరక్షణం ఆలస్యమైనా ఫర్వాలేదు, మాట ప్యాకెట్టు ఆలస్యమైతే ఇక పనికిరాదు. దోసె వేడివేడిగా వస్తేనే కదా! ప్యాకెట్లు ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా వస్తే మాట ముక్కలు ముక్కలవుతుంది. దాన్నే జిట్టర్ అంటారు. పిల్లలు సినిమా డౌన్‌లోడు పెట్టినప్పుడు మీ వీడియో కాల్ "హలో... లో... లో" అనడానికి తరచు ఇదే కారణం.

బ్యాండ్‌విడ్త్ అంటే కుళాయి గొట్టం లావు. లేటెన్సీ అంటే కుళాయి తిప్పాక మొదటి చుక్క రావడానికి పట్టే సమయం. లావుపాటి గొట్టం ఉన్నా మొదటి చుక్క ఆలస్యం కావచ్చు, రెండూ వేరు. ప్రకటనల్లో ‘40 ఎం.బి.పి.ఎస్.’ అని చూసి సెకనుకి 40 ఎం.బి. వస్తుందనుకోకండి. ప్రకటనలో ఉన్నవి బిట్లు, ఫోటోల సైజు చెప్పేది బైట్లలో. బైటుకి ఎనిమిది బిట్లు. అంటే సెకనుకి 5 ఎం.బి. అన్నమాట, అదీ అన్నీ సవ్యంగా ఉంటే. ఎక్కడా అబద్ధం లేదు గానీ, ఈ తిరకాసు చీరల కొట్లో ‘70 శాతం వరకు’ తగ్గింపు బోర్డుని గుర్తుచేస్తుంది.

బ్యాంకులు తీసుకునే లీజ్డ్ లైను అంటే సొంత బోరు లాంటిది. మన బ్రాడ్‌బ్యాండు మునిసిపాలిటీ కుళాయి, వీధి వీధంతా ఒకేసారి తిప్పితే ధార సన్నబడుతుంది. పచ్చళ్ళ వ్యాపారానికి లీజ్డ్ లైను అక్కర్లేదు. ఎవరైనా అంటగట్టబోతే మొహమాటపడకుండా వద్దనండి.

కరెంటు పోతే ఫోనూ పోవాలా?

పాత నల్ల ఫోను కరెంటు పోయినా మోగేది. కారణం, ఎక్స్ఛేంజీలోని పెద్ద బ్యాటరీల నుంచి 48 వోల్టుల విద్యుత్తు ఆ రాగి తీగల్లోనే వచ్చేది. ఇప్పటి ఫైబరు గాజు తీగ. దాన్లో వెలుగు వస్తుంది, కరెంటు రాదు. అందుకే కరెంటు పోగానే గోడకున్న ఓ.ఎన్.టి. డబ్బాతో పాటు దానికి తగిలించిన ల్యాండ్‌ఫోనూ మూగబోతుంది. ఇంట్లో వ్యాపారమో, వయసు మీరిన పెద్దవాళ్ళో ఉంటే ఆ డబ్బాకి ఓ చిన్న యు.పి.ఎస్. పెట్టుకోవడం మంచిది. కొనేముందు అడాప్టరు మీద ఎన్ని వోల్టులో చూసి, ఆ కొలతే తీసుకోవాలి.

ఆ డబ్బామీద ‘ఎల్.ఓ.ఎస్.’ అని రాసిన చోట ఎర్రదీపం మిణుకు మిణుకుమంటే వెలుగు అందడం లేదని అర్థం. ఎన్నిసార్లు స్విచ్ ఆపి వేసినా లాభం లేదు, కంపెనీకి ఫోను చేసి "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉంది" అనండి. వాళ్ళు "రీస్టార్ట్ చేశారా మేడమ్" అని సాగదియ్యకుండా మనిషిని పంపుతారు. బూజులు దులిపేటప్పుడు ఆ సన్న తీగని మడతపెట్టకండి, ఊడి వచ్చిన కొసలోకి కన్ను పెట్టి చూడకండి. ఆ వెలుగు కంటికి కనపడదు గానీ కంటికి మంచిది కాదు.

స్టార్ నొక్కమన్నారా? ఆగండి!

ఇక అసలు సంగతి. కాల్ ఫార్వర్డింగ్ అంటే మీకొచ్చే ఫోన్లు ఇంకో నంబరుకి మళ్ళించడం. మంచి సదుపాయమే. మీరు స్నానానికి వెళితే తోటికోడలి ఫోనుకి మళ్ళించుకోవచ్చు. అన్ని ఫోన్లూ మళ్ళించడం, బిజీగా ఉంటేనే, ఎత్తకపోతేనే, సిగ్నలు లేకపోతేనే మళ్ళించడం అని నాలుగు రకాలు.

దీన్నే మోసగాళ్ళు పట్టుకున్నారు. "మీ పార్సిల్ వచ్చింది, అడ్రసు దొరకడం లేదు, డెలివరీ అబ్బాయితో మాట్లాడాలంటే స్టార్ 21 స్టార్ నొక్కి ఈ నంబరు కొట్టండి" అంటారు. లేదా "మీ సిమ్ము ఆగిపోతుంది, స్టార్ 401 స్టార్ కొట్టండి" అంటారు. మీరు కొట్టారా, మీకు రావలసిన ఫోన్లన్నీ ఆ దొంగ నంబరుకి పోతాయి. ఫోన్ చేసి ఓ.టి.పి. చదివి వినిపించే పద్ధతి ఉంటుంది కదా, అదీ వాడికే వినిపిస్తుంది. దాంతో మీ వాట్సాప్ వాడి చేతికి చిక్కుతుంది. తర్వాత మీ పేరుతో మీ ఖాతాదార్లందరికీ "అర్జంటుగా డబ్బు పంపండి" అని పోతుంది. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న నమ్మకం ఒక్క పూటలో గల్లంతు.

ఈ బెడద చూసే కేంద్ర టెలికం శాఖ, 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలా కోడ్ కొట్టి ఫోన్లు మళ్ళించే సదుపాయం ఆపెయ్యమని కంపెనీలను ఆదేశించింది. ఆదేశం వచ్చింది కదా అని ధీమాగా ఉండకండి. తెలియనివాళ్ళు చెప్పిన స్టార్, హ్యాష్ నంబరు ఏదీ కొట్టొద్దు. మీ ఫోన్లో కాల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కాల్ ఫార్వర్డింగ్ తెరిచి, నాలుగు రకాలూ ఎక్కడికి మళ్ళి ఉన్నాయో నెలకోసారి చూసుకోండి. తెలియని నంబరు కనిపిస్తే తీసెయ్యండి. సెట్టింగ్స్‌లో తీసెయ్యడం కుదరకపోతే కస్టమర్ కేరుకి చేసి అన్నీ రద్దు చెయ్యమనండి.

నంబరు చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. 140తో మొదలైతే అమ్మకాల ప్రచారం. బ్యాంకులు, బీమా కంపెనీల లాంటివి ఖాతాదార్లకి చేసే ఫోన్ల కోసం ప్రభుత్వం 1600తో మొదలయ్యే వరస కేటాయించింది. మనం చేసే 1800 నంబర్లు ఉచితం, ఖర్చు కంపెనీది. 1860 మాత్రం ఉచితం కాదు, మీ ప్యాకును బట్టి చార్జీ పడొచ్చు. ఆ సంగీతం వింటూ పావుగంట నిలబడేముందు మొదటి నాలుగంకెలూ ఒకసారి చూడండి.

వ్యాపారం చేసేవాళ్ళు ఇంకో పని కూడా చెయ్యాలి. కరపత్రాలమీద, సీసా లేబుళ్ళమీద అచ్చు వేయించే నంబరు ఒకటి, బ్యాంకు ఖాతాకి ఇచ్చిన నంబరు ఇంకొకటి ఉండాలి. రెండోది చుట్టాలకి తప్ప ఎవరికీ ఇవ్వకండి. అప్పుడు లేబుల్ నంబరుకి "బ్యాంకునుంచి మాట్లాడుతున్నాం" అని ఫోనొస్తే అది దొంగదని వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ నంబరు బ్యాంకుకి తెలీదు కదా!

ఒకవేళ డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకండి, "మీ అన్నయ్య వచ్చాక చెప్తా" అని ఆగకండి. వెంటనే 1930కి ఫోను చెయ్యండి. అది సైబరు మోసాల ఫిర్యాదుల నంబరు. ఎంత తొందరగా చెబితే, ఆ డబ్బు దొంగ ఖాతాలోంచి కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఏ ఖాతాలోంచి, ఎంత, ఎన్నింటికి పోయిందో, బ్యాంకునుంచి వచ్చిన మెసేజీలో ఉన్న లావాదేవీ నంబరేమిటో చేతిలో పెట్టుకుని మాట్లాడండి, అడిగేవి అవే.